ఉప్పల్‌ నుంచి జిద్దా ఎంత దూరం?

ఉమ్రాకు బయలుదేరే ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్న ఇది. శంషాబాద్‌ నుంచి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి ఐదున్నర, ఆరు గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో గాలి వెనుక నుంచి తోస్తుంది గనుక కొంత తక్కువ. మన పెద్దలు బొంబాయి దాకా రైల్లో వెళ్ళి, ఓడెక్కి, రోజుల తరబడి సముద్రం మీద గడిపేవారు. ఆ హజ్‌ ఓడలు 1995తో ఆగిపోయాయి.

ఉప్పల్‌, నాచారం వాసులకు ఇంకో దూరం కూడా ఉంది. 2008 మార్చి దాకా తార్నాక, సికింద్రాబాద్‌ దాటితే బేగంపేట విమానాశ్రయమే. ఇప్పుడు ఎల్‌.బి.నగర్‌ మీదుగా శంషాబాద్‌ చేరాలి. దూరాలు కొలవడం నేర్పే సర్వే ఆఫ్‌ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. ఆ దారిలోని ట్రాఫిక్‌ను కొలిచే సాధనం మాత్రం అక్కడ కూడా ఉండదేమో! విమానానికి మూడు గంటల ముందే చేరాలంటారు గనుక, వృద్ధులైన తల్లిదండ్రులను తీసుకువెళ్ళేవారు ఈ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

అయితే మేము ముఖ్యంగా చెప్పదలచింది మీఖాత్‌ గురించి. దైవప్రవక్త (స) నజ్ద్‌ వారికి ఖర్న్‌ను, యమన్‌ వారికి యలమ్‌లమ్‌ను మీఖాత్‌గా నిర్ణయించారు. ఆ దారుల గుండా వచ్చే ఇతరులకూ అవే వర్తిస్తాయి. ఓడ ప్రయాణంలో మనవారు యలమ్‌లమ్‌కు ఎదురుగా వచ్చినప్పుడు ఇహ్రామ్‌ కట్టేవారు. విమానం సాధారణంగా ఖర్న్‌ వైపు నుంచి జిద్దాకు దిగుతుంది. నిమిషానికి పదీ పద్నాలుగు కిలోమీటర్లు సాగిపోయే విమానంలో ఆ హద్దు రెప్పపాటులో వెనకబడుతుంది. జిద్దాలో దిగడానికి ఇంకా ఇరవై, ముప్పై నిమిషాలు ఉండగానే అది జరిగిపోతుంది.

కొందరు ఏజెంట్లు "జిద్దాలో దిగాక కట్టుకోవచ్చులే" అని చెప్పి పంపుతున్నారు. డబ్బు తీసుకున్నవారు ఇంత తేలిగ్గా మాట్లాడటం బాధాకరం. ఇహ్రామ్‌ లేకుండా మీఖాత్‌ దాటి, తిరిగి అక్కడికి వెళ్ళకుండా లోపలే ఇహ్రామ్‌ కట్టినవారిపై దమ్‌ వాజిబ్‌ అవుతుందని, అంటే హరమ్‌లో ఒక జంతువును జిబహ్‌ చేయవలసి ఉంటుందని ధర్మవేత్తలు చెబుతారు. పైసా పైసా కూడబెట్టి వెళ్ళిన కార్మిక కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. ఖర్చు కన్నా మనసులో మిగిలే వెలితి పెద్దది.

కాబట్టి ఇహ్రామ్‌ వస్త్రాలను లగేజీలో వేయకండి. ఇంట్లోనే గుస్ల్‌ చేసి, ఇంట్లోనో విమానాశ్రయంలోనో వాటిని ధరించండి. నియ్యత్‌, తల్బియా మాత్రం విమానంలో మీఖాత్‌కు ముందు చేసుకోవచ్చు. నిద్ర పట్టేస్తుందన్న భయం ఉంటే విమానం ఎక్కగానే చేసుకోండి. స్త్రీలకు ప్రత్యేక వస్త్రాలు లేవు గాని, నియ్యత్‌ వారికీ తప్పదు. విమానంలో చేసే ప్రకటన సాధారణంగా అరబీలో, ఇంగ్లీషులో ఉంటుంది. మన అమ్మలకు పక్కవారు చెప్పాలి.

గడియారం సంగతీ గమనించండి. జిద్దా మనకన్నా రెండున్నర గంటలు వెనుక. ఉదయం పదింటికి బయలుదేరితే ఆరు గంటల తర్వాత అక్కడ ఒకటిన్నరే అవుతుంది. టిక్కెట్టు మీద ఉండేవి ఏ ఊరి వేళ ఆ ఊరిదే. గడియారాన్ని ముందే అక్కడి వేళకు తిప్పి, పదికి ఆరు కలుపుకొని నాలుగింటికి దిగుతామనుకునేవారు మీఖాత్‌ దాటిపోయాక లేస్తారు.

ముందుగా మదీనాకు వెళ్ళేవారికి విమానంలో ఇహ్రామ్‌ అవసరం లేదు. వారు మక్కాకు బయలుదేరేటప్పుడు జుల్‌హులైఫా వద్ద కట్టుకుంటారు.