రైలు చూచుటకు రోడ్డు ప్రయాణము

వేసవి సెలవులలో పిల్లలతో దూరప్రయాణము చేయువారు మన పాతపట్నమున పెక్కురు గలరు. వారిలో కొందరి యిండ్లయందు, మా యింటవలెనే, రైలనిన ప్రాణము విడుచు పసివారుందురు. అట్టి వారిని రైలెక్కింపక కారులో తీసికొనిపోవుట అన్యాయమని బంధువులందురు. మా యభిప్రాయము వేఱు. రైలులో కూర్చున్నవానికి పొలములు కనబడును, కొండలు కనబడును, ఎదుటివాని టిఫిను డబ్బా కనబడును. రైలు మాత్రము కనబడదు. ఇంజను ఎట్టిదో, దాని వెనుక పెట్టెలెన్నియో, చక్రములెట్లు దొరలుచున్నవో తెలియవలెనన్న పట్టాలకు దూరముగా నిలువబడి చూడవలెను. కావున రైలును ప్రేమించు బిడ్డకు రోడ్డు ప్రయాణమే తగినది. అయితే దానిని పెద్దల తొందరనుబట్టి గాక, బిడ్డ చూపునుబట్టి నడుపవలెను.

ఇది మేము ఊహించి చెప్పు మాట గాదు. గడచిన వేసవిలో ఏడేండ్ల పిల్లవానిని, నాలుగేండ్ల పిల్లను, వారి తాతగారిని కారులో నెక్కించుకొని టెక్కలి, నౌపడల మీదుగా విశాఖపట్నమునకును, అచ్చటినుండి అరకునకును పోయి వచ్చితిమి.

మన యూరినుండి టెక్కలికి పోవు దారి చూచుటకు సామాన్యమైనదే. కాని ఆ ప్రక్కనున్న రైలుమార్గమునకు గొప్ప చరిత్ర గలదు. పర్లాకిమిడి రాజావారి పూనికచే నౌపడనుండి పర్లాకిమిడివఱకు 1900 సంవత్సరమున చిన్నబండి నడువ నారంభించెను. దాని పట్టాల నడుమ ఎడము 762 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు మాత్రమే. 1931 నాటికి ఆ మార్గము గుణుపురమువఱకు సాగెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అటు చేరెను, పాతపట్నము ఇటు నిలిచెను. అయినను చిన్నబండి రెండు రాష్ట్రములను మునుపటివలెనే తిరుగుచుండెను. 2004లో దానిని నిలిపివేసి పట్టాలను వెడల్పు చేయనారంభించిరి. 2010లో పర్లాకిమిడివఱకును, 2011లో గుణుపురమువఱకును పెద్దబండి వచ్చెను.

ఈ తేదీలను మేము చెప్పుచుండగా పిల్లవాడు కిటికీలోనుండి కాకులను లెక్కించుచుండెను. తరువాత తాతగారు నోరు విప్పిరి. బండి ఎత్తెక్కునపుడు కుఱ్ఱవాండ్రు దిగి దాని ప్రక్కన నడచి, మరల ఎక్కుచుండిరనియు, బొగ్గునలుసు కంటబడి తాము ఒక పెండ్లికి ఎఱ్ఱకన్నుతో పోయితిమనియు చెప్పిరి. "తాతా, ఆ బండి ఇప్పుడెక్కడ ఉన్నది?" అని వాడడిగెను. "లేదురా బాబూ, దాని దారిలోనే యీ పెద్దబండి పోవుచున్నది" అని ఆయన చెప్పినపుడు వాడు కాకులను విడిచి పట్టాలవైపు తిరిగెను. పుస్తకమునందలి సంవత్సరములు చేయలేని పని ఒక బొగ్గునలుసు చేసెను.

చిన్నబండి పోయినదని కన్నీరు పెట్టుకొనువారిలో మేము చేరము. డార్జిలింగు కొండమీద 1881 నాటి రెండడుగుల పట్టాల బండిని నేటికిని నడుపుచున్నారు. అది యాత్రికుల కొఱకు. మన ప్రాంతమున రోగిని విశాఖపట్నపు ఆసుపత్రికి తీసికొనిపోవలసినవానికి నౌపడలో బండి మాఱకయే పోవుట మేలు. వెడల్పు చేయుట సరియైన పనియే. కాని చిన్నబండి నెక్కినవారు మన యిండ్లలో ఇంకను ఉండగా, వారిని కారు వెనుకసీటులో కునుకుపాట్లు పడనిచ్చి, పిల్లల చేతికి సెల్‌ఫోనిచ్చి ఆ దారినే దాటిపోవుట సరియైన పని గాదని గట్టిగా చెప్పుదుము.

టెక్కలికి చేరకమునుపే ఒక గేటు పడియుండెను. మా ముందు నిలిచిన మోటారువాహనములవారు హారను మ్రోగించుచు, గడియారములు చూచుకొనుచు, గేటు వేసినవానిని తిట్టుచుండిరి. మా కారులో పండుగ. పిల్లలిద్దఱు సిగ్నలు ఎఱుపో పచ్చయో యని వాదులాడుచుండగా మేము దారిప్రక్కనే తాటిముంజెలు కొంటిమి. కాపలాలేని గేట్లను పెద్దపట్టాల మార్గములన్నిటిపై 2019 జనవరి నాటికి తీసివేసిరి. అది ఎందఱి ప్రాణములనో కాపాడును. కాపలా గల గేట్లును క్రమముగా వంతెనలకు చోటిచ్చుచున్నవి. ఇక కొన్నేండ్లకు గేటువద్ద కాచుకొనుట యనునది పిల్లలకు కథగానే మిగులవచ్చును. ఉన్నపుడు కాచుకొనుటలో నష్టమేమి?

నౌపడ మా ప్రయాణమునకు గుండెకాయ. ఉప్పుమళ్లకు పేరొందిన ఆ యూరివద్ద మన శాఖామార్గము హౌరా, మద్రాసుల నడుమ పోవు పెద్దమార్గమును కలిసికొనును. అరగంట నిలుతమని నిలిచి రెండు గంటలుంటిమి. ఒక గూడ్సుబండి పోగా పిల్లవాడు 58 పెట్టెలనెను. పిల్ల 59 అనెను. చివరనున్న గార్డుపెట్టెను లెక్కలో చేర్చవలెనా యను వివాదము శ్రీకాకుళము దాటువఱకు తెగలేదు. "పొగ యెందుకు రాదు?" అని పిల్ల అడిగినందున మీది తీగలో ప్రవహించు 25,000 వోల్టుల విద్యుత్తును గూర్చి చెప్పవలసివచ్చెను. బడిలో మఱి కొన్నేండ్లకుగాని రాని పాఠము అది.

విశాఖపట్నమువఱకు జాతీయరహదారిలో చెప్పదగినది లేదు. అందఱు నిద్రించితిమి, నడుపువారు తప్ప.

అరకు దారి వేఱు. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖపట్నపు రేవునకు చేర్చి, జపానునకు పంపుటకై 1960లలో వేసిన కొత్తవలస, కిరండూలు మార్గమది. ఏబదికి పైగా సొరంగములు గలది. కారులో ఘాటు ఎక్కునపుడు రైలు అన్నిచోట్ల కనబడదు. కూత వినబడును, ఎదుటి కొండ నడుమున పెట్టెలవరుస అగపడును, అంతలో సొరంగము మ్రింగివేయును. మరల ఎచ్చట బయటపడునో యని పిల్లలు వెదకుచుందురు. చూడవలసిన స్థలముల పట్టికలో మేము రెండింటిని విడిచివేసితిమి. వానిని చూచినవారు మమ్ము జాలిగా చూచిరి. చూడనిండు.

ఒక్క విషయమున మాత్రము తలిదండ్రులు మెత్తబడరాదు. పట్టాలమీదికి పోవుట, ఫొటోకొఱకు రైలుకు ఎదురుగా నిలుచుట, గేటు క్రింద దూరుట నవ్వి ఊరకొనదగిన పనులు గావు. అనుమతిలేక రైలుమార్గమున ప్రవేశించుట 1989 నాటి రైల్వే చట్టములోని 147వ సెక్షను ప్రకారము నేరము. మేము బిడ్డల చేతులు విడువక, గేటుకు చాలదూరముననో, స్టేషనులో ప్లాట్‌ఫారము గీతకు ఇవతలనో నిలిచితిమి. చేయి పట్టుకొనుటకు ఓపికలేనివారు ఈ ప్రయాణమునకు పూనుకొనకుండుట మంచిది.

ఈ పత్రికను చదువు విద్యార్థులకొక విన్నపము. 2004కు ముందు చిన్నబండి నెక్కినవారు మీ యింటనో పొరుగింటనో తప్పక ఉందురు. ఈ సెలవులలో వారిని టెక్కలి దారిన వెంటబెట్టుకొని పొండు. కారు లేకున్న బస్సు చాలును. పాతపట్నమునుండి నౌపడకు అప్పుడెంతసేపు పట్టెడిది, టిక్కెట్టు ఎట్లుండెడిది, ఏ స్టేషనులో ఏమి కొనుక్కొని తినుచుండిరి, ఎవరిని సాగనంపుటకు వచ్చుచుండిరి అని అడిగి, వారి మాటలలోనే వ్రాసికొని తెండు. వచ్చు సంచికలో వానికి చోటిమ్మని సంపాదకులను మేము కోరుదుము.