మన కొండ ఒకప్పుడు బురద

అరకు లోయ

అమ్మలూ, బాబులూ,

మొన్న బొర్రా గుహల దగ్గర మీలో ఒక పిల్ల నన్నడిగింది. "మేష్టారూ, లావా గడ్డకడితే అగ్నిశిల, బురద గడ్డకడితే అవక్షేప శిల అని పుస్తకంలో ఉంది. మరి మన కొండ ఇందులో ఏది?" అంతలో బస్సొచ్చేసింది. సగం జవాబుతో పంపేశానని రాత్రంతా మనసు పీకుతూనే ఉంది. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

అచ్చమైన అగ్నిపర్వతపు రాయి చూడాలంటే మనం కొండ దిగి గోదావరి దాకా పోవాలి. రాజమండ్రి దగ్గర కాతేరులోనూ, ఏటికి అవతల పంగిడి క్వారీల్లోనూ నల్లగా కనబడేది బసాల్టు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను ముంచెత్తిన లావాలో అది ఒక పాయ. పడమటి నుంచి వందల కిలోమీటర్లు పాకి అక్కడిదాకా వచ్చిందని చాలామంది భూవిజ్ఞానులు చెబుతారు. నేల మీదికొచ్చిన లావా తొందరగా చల్లారిపోతుంది, లోపల పలుకులు పెరగడానికి వ్యవధి దొరకదు. అందుకే ఆ రాయిని పగలగొట్టి చూస్తే రేణువు కంటికి ఆనదు. అక్కడక్కడ సన్నటి బెజ్జాలుంటాయి, అవి ఆవిరి బుడగలు తప్పించుకోబోయిన చోట్లు.

ఆ లావా పొరల నడుమ సున్నపురాయి పొర ఉంది. అందులో గుల్లలు, నత్తలు. ఒక పొంగుకీ మరో పొంగుకీ మధ్య ఉప్పునీళ్లు వచ్చి నిలిచాయి, ప్రాణులు బతికాయి, చచ్చి అడుగున పేరుకున్నాయి, మళ్లీ నిప్పు వచ్చి కప్పేసింది. మీ పుస్తకంలో రెండు గడుల్లో విడివిడిగా రాసినవి అక్కడ ఒకే గోడలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఆ గోడ ముందు నిలబడేసరికి నాకు నలభై ఏళ్లు దాటాయి. మీరు ఇరవై లోపే చూడాలి.

ఇక మన కొండ. దీని రాయి పేరు ఖొండలైటు. 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని ఒడిశాలోని కలహండి కొండల్లో దీన్ని పరిశీలించి, అక్కడి ఖోండు ఆదివాసుల పేరే దీనికి పెట్టాడు. మీలో కొందరి జాతి పేరది! ఏ దేశంలో భూగర్భశాస్త్రం చదివేవాళ్లయినా ఆ పేరు పలకవలసిందే.

పుట్టుకను బట్టి ఇది అవక్షేపమే, ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి మడతలు పడుతుంటే ఆ మట్టి ఎంతో లోతుకు దిగిపోయింది. అనంతగిరి, అరకు, పాడేరు వైపు రాళ్లలో 900 డిగ్రీలు దాటిన వేడి జాడలున్నాయి. అంత వేడిలోనూ అది పూర్తిగా కరిగి పారలేదు, ఉన్నచోటే వేరే రాయి అయింది. బంకమట్టిలోని అల్యూమినియం ఎర్రటి గార్నెట్ పలుకులుగానూ, తెల్లటి పీచులాంటి సిల్లిమనైటుగానూ మారింది. భీమిలి ఒడ్డున ఇసుకలో ఎర్ర చారలు చూశారు కదా? మన కొండల్లోంచి వానలు కడిగి తీసుకెళ్లిన గార్నెట్లే అవి.

మాట ఒక్కటై రాళ్లు రెండయ్యే చోట జాగ్రత్త. బసాల్టునీ నల్లరాయే అంటాం, మన కొండల్లో ఖొండలైటు పక్కనే ఉండే చార్నోకైటునీ నల్లరాయే అంటాం. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషు వర్తకుడి సమాధి రాయిని పరిశీలించి 1893లో హాలండ్ అనే భూవిజ్ఞాని రాసిన వ్యాసం నుంచి దానికా పేరు. ఇదీ చాలావరకు కరిగిన శిలాద్రవం నుంచి వచ్చిందే, కాని అగ్నిపర్వతం నోట పైకి రాలేదు. లోతులోనే నింపాదిగా గట్టిపడింది. కొత్తగా పగిలిన ముఖం చూడండి: నూనె రాసినట్టు మెరుస్తుంది, పలుకులు కంటికి కనబడతాయి. ఆ ఒక్క గుర్తుతో బసాల్టు నుంచి దీన్ని విడదీయవచ్చు.

బొర్రా రాయి మరో రకం. అది కాగి స్ఫటికాలు కట్టిన సున్నపురాయి. గుహలో దేన్నీ ముట్టకండి, గోస్తనీ ఒడ్డున దొరికే తెల్ల ముక్క చాలు. మేకుతో గీకి ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలొస్తాయి. బసాల్టు పొడి మీద ఎంత పిండినా అలా పొంగదు.

ఈ రాళ్ల గొడవ మనకెందుకని ఎవరైనా అంటే, బొర్రా చుట్టుపక్కల కాల్సైటు లీజుల సంగతి చెప్పండి. ఆ లీజుల మీద సమత అనే సంస్థ వేసిన వ్యాజ్యంలోనే 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని చెప్పింది. గాలికొండ, రక్తకొండ నెత్తిన ఉన్న బాక్సైటు కూడా మన ఖొండలైటు బిడ్డే. లక్షల ఏళ్ల వానలు రాయిలోని సిలికాను కడిగేస్తే మిగిలిన అల్యూమినియం అది. మన కొండలో ఏముందో బయటివాళ్లు మనకంటే ముందు చదివారు. మీలో ఒక్కరైనా భూగర్భశాస్త్రం చదివి, సుత్తి పట్టుకుని మన ఊళ్లకే తిరిగి రావాలని నా ఆశ. ఫీజుకో పుస్తకాలకో వెనకాడితే ముందు నాకు చెప్పండి.

పంగిడి నుంచి తెచ్చుకున్న బసాల్టు ముక్క నా బల్ల మీదే ఉంది. దసరా సెలవుల్లో వచ్చేటప్పుడు మీ ఊరి వాగులో దొరికిన రాయి తలా ఒకటి పట్టుకురండి. పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ మేష్టారు