కల్లులో ఆ ‘కిక్కు’ ఎక్కడిది? పాలమూరు, నల్గొండలో మారిన రుచి వెనుక అసలు కథ ఇదీ!

కల్లు ఒక్కటే.. తాగేవాళ్లే రెండు రకాలయ్యారు. ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇప్పుడు కనిపిస్తున్న సీన్ ఇదే. ఒకరు పొద్దున్నే తాటి వనంలోకి వెళ్లి, లొట్టి దించేదాకా ఆగి, తాటాకు రేక పట్టేవాళ్లు. ఇంకొకరు సాయంత్రం కూలి పని దిగి కాంపౌండ్‌లో సీసాలు ముందర పెట్టుకునేవాళ్లు. మొదటివాళ్లు తీపి చూస్తారు, పులుపు చూస్తారు. రెండోవాళ్లు అడిగేది ఒక్కటే.. ‘ఎక్కుతదా, ఎక్కదా?’

ఈ ‘ఎక్కుడు’ దగ్గరే అసలు సమస్య మొదలైంది.

చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్ మీదుగా విజయవాడ హైవే పట్టుకుని వెళ్లేవాళ్లకు తాటి కల్లు కొత్త కాదు. పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అంటూ కాలాన్ని బట్టి చెట్టు మారుతుంది, చెట్టును బట్టి రుచి మారుతుంది. ఇక పాలమూరు పల్లెల్లో ఈత కల్లుకు వేరే అభిమానులున్నారు. ఏ చెట్టుదైనా సరే, దించినప్పుడు తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి నోట్లో పెట్టలేం. మామూలుగా పులిసిన కల్లులో ఆల్కహాల్ నాలుగు నుంచి ఆరు శాతం లోపే. బీరుతో సమానం అనుకోవచ్చు. అంటే రెండు సీసాలకే మనిషి పడిపోయాడంటే, ఆ పని చేసింది కల్లు కాదన్నమాట.

తాగేదాన్ని ఘాటుగా మార్చడం ప్రపంచంలో మనమే మొదలుపెట్టలేదు. పోర్చుగల్‌లో పోర్ట్ వైన్ చేసేవాళ్లు, ద్రాక్షరసం పులుస్తుండగానే అందులో ద్రాక్ష నుంచి తీసిన బ్రాందీలాంటి స్పిరిట్ కలుపుతారు. పులియడం ఆగిపోతుంది, తీపి మిగులుతుంది, ఆల్కహాల్ 20 శాతం దాకా చేరుతుంది. ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. ఎంత శాతమో సీసా మీద రాసి ఉంటుంది. మన కాంపౌండ్‌లో కలిపేది స్పిరిట్ కాదు, నిద్రమత్తు మందు. దానికి లేబుల్ ఉండదు, కొలత ఉండదు.

ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్లు. తర్వాత డైజిపామ్ వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న పేరు అల్ప్రాజోలం. ఆందోళన, నిద్రలేమికి డాక్టర్లు రాసే మందు ఇది. మాత్రలో ఉండేది 0.25 మిల్లీగ్రాములు, లేదంటే 0.5. ఒక్కసారి లెక్క వేసి చూడండి.. కిలో పొడి అంటే 0.25 మిల్లీగ్రాముల మాత్రలు 40 లక్షలు! దాన్ని డ్రమ్ముల్లో చేత్తో అంచనాగా కలిపితే ఏ సీసాలో ఎంత పడుతుందో కలిపేవాడికే తెలియదు. నీళ్లు పోసిన కల్లుకు తీపి రావడానికి శాకరిన్, మత్తుకు ఈ పొడి. జనం ‘మందు కల్లు’ అనేది దీన్నే.

ఎందుకిలా? చెట్టు ఇచ్చేది రోజుకు కొన్ని లీటర్లు. అదీ సీజన్ ఉన్నప్పుడే. కాంపౌండ్‌లో అమ్మకం మాత్రం ఏడాది పొడవునా ఒకేలా సాగాలి. మధ్యలో తాటి, ఈత వనాలు తగ్గాయి. కొన్నిచోట్ల ప్లాట్లయ్యాయి. చెట్టెక్కేవాళ్ల పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. మోకు జారి పడ్డ తండ్రిని చూసినవాడు ఎక్కుతాడా చెప్పండి? దానికి తోడు 2014లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలకు మళ్లీ అనుమతి ఇచ్చారు. సిటీలో చెట్లెక్కడున్నాయి? సరుకు జిల్లాల నుంచే రావాలి. డిమాండ్ పెరిగింది, చెట్లు పెరగలేదు. ఆ తేడాను పొడితో పూడ్చారు.

సరే, దాడులు చేసి మూసేస్తే సరిపోతుంది కదా అంటారా? 2015 సెప్టెంబర్‌లో అదే జరిగింది. కల్తీ కల్లుపై ఎక్సైజ్ శాఖ ఉక్కుపాదం మోపగానే మత్తు పదార్థం ఒక్కసారిగా ఆగిపోయింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వందల్లో ఆస్పత్రుల పాలయ్యారు. చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం, పిచ్చిచూపులు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి క్యూ కట్టారు. వాళ్లు తాగి పడిపోయినవాళ్లు కాదు.. తాగడానికి దొరక్క పడిపోయినవాళ్లు! కల్తీ ఎంత లోతుకు పాకిందో సర్కారుకు ఆ నెలలో తెలిసొచ్చింది. అంతకుముందు తెలియదంటే మాత్రం నమ్మడం కష్టం.

పాఠం నేర్చుకున్నామా? 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆస్పత్రికి కల్లు తాగేవాళ్లు మళ్లీ వరుసపెట్టి వచ్చారు. కారణం కల్తీనా కాదా అని రాజకీయ దుమారం రేగింది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో, కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో చేరారు. పలువురు చనిపోయారు. శాంపిల్స్‌లో అల్ప్రాజోలం ఉన్నట్టు తేలింది. రెండు నెలలకే, సెప్టెంబర్‌లో ఈగల్ టీమ్ పాత బోయిన్‌పల్లిలో ఓ ప్రైవేట్ స్కూలు బిల్డింగ్‌పై దాడి చేసింది. ఒకవైపు క్లాసులు, ఇంకోవైపు అల్ప్రాజోలం తయారీ! దొరికిన సరుకు కిలోల్లో ఉంది. అది వెళ్తున్నది మహబూబ్‌నగర్ జిల్లా కల్లు కాంపౌండ్లకేనని పోలీసులు చెప్పారు.

ఇక్కడ నష్టపోతున్నది తాగేవాళ్లు ఒక్కరే కాదు. నిఖార్సైన కల్లు దించే గీత కార్మికుడిది మరో కష్టం. మందుకు అలవాటుపడ్డ మనిషికి చెట్టు కల్లు నీళ్లలా అనిపిస్తుంది. ‘నీది ఎక్కుత లేదు గౌడన్నా’ అని మొహం మీదే చెప్పి కాంపౌండ్‌కు పోతాడు. సర్కారు ఏమీ చేయలేదని కాదు. చెట్ల పన్ను రద్దు చేసింది, 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది, 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ’ పేరుతో సేఫ్టీ కిట్లు పంచడం మొదలుపెట్టింది. కిట్లు మంచి పనే, ప్రాణాలు కాపాడతాయి. నీరా కూడా మంచిదే. కానీ నీరా కేఫ్‌కు కారేసుకుని వెళ్లేవాళ్లు వేరు, కాంపౌండ్‌లో కూర్చునేవాళ్లు వేరు. రోజు కూలీ సాయంత్రం ఒళ్లు నొప్పులు మర్చిపోవడానికి వెతికేది నీరా కాదు.

మరి ఏం చేయాలి? శాంపిల్ తీసి ల్యాబ్ రిపోర్టు కోసం వారాలు చూడక్కర్లేదు. సొసైటీ కిందైనా, గీసేవాడి సొంత లైసెన్స్ కిందైనా దుకాణానికి ఎన్ని చెట్లు కేటాయించారో ఎక్సైజ్ రికార్డుల్లో ఉంటుంది. రోజుకు ఎన్ని సీసాలు అమ్ముడవుతున్నాయో బయట నిలబడి లెక్కపెట్టొచ్చు. రెండూ పక్కపక్కన పెడితే చాలు, బండారం బయటపడుతుంది. ఆ లెక్క తీయడానికి ఎవరికి అభ్యంతరమో ఊళ్లో అందరికీ తెలుసు. ఇక దాడులకు ముందే జిల్లా ఆస్పత్రుల్లో బెడ్లు, మందులు సిద్ధం చేయకపోతే 2015 మళ్లీ రిపీట్ అవుతుంది.

ఇంట్లో రోజూ కాంపౌండ్ కల్లు తాగేవాళ్లు ఉంటే ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చేయొద్దు. ఈ మందును డాక్టర్ల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి. రెండు మూడు రోజులు కల్లు దొరక్క చేతులు వణుకుతున్నా, నిద్ర లేక ఏవేవో మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా దయ్యం పట్టిందని తాయెత్తు కోసం తిరగకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి అన్నది పరువు పోతుందని దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి.