విశాఖ ఓడ టికెట్‌లో ఏముంది? తాగనివాళ్లు ఎవరి బిల్లు కడుతున్నారు?

సెలవులు వస్తే మన ఇళ్లలో ఊటీ, మైసూరు, అజ్మీర్ పేర్లు వినపడేవి. ఇప్పుడు ఆ లిస్టులో ఓడ ప్రయాణం కూడా చేరుతోంది. కారణం విశాఖ. వరంగల్ స్టేషన్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడ దిగుతాం. అక్కడి పోర్టులో 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబర్ 4న కేంద్ర మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. ఏడాది తర్వాత, 2024 సెప్టెంబర్ 30న, కేంద్రం ‘క్రూయిజ్ భారత్ మిషన్’ మొదలుపెట్టింది. 2029 నాటికి ఓడ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయాలన్నది దాని లక్ష్యం. అంటే రేపోమాపో ఓడ ప్యాకేజీల పాంప్లెట్లు హన్మకొండ, మండి బజార్ దాకా వస్తాయి.

మన కుటుంబాలు ముందుగా అడిగేది ఒకటే. “ఓడలో బార్ ఉంటుంది, కాసినో ఉంటుంది. మనం పోవచ్చా?” దానికి జవాబు ఆలిమ్ సాబ్ చెప్పాలి, రిపోర్టర్ కాదు. కానీ దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. అది లెక్కల ప్రశ్న. మనం కట్టే టికెట్ డబ్బులో మద్యం వాటా ఉందా, లేదా? ఇది తెలుసుకోవాల్సిన బాధ్యత టికెట్ కొనేవాళ్లదే.

2022 జూన్‌లో కోర్డేలియా క్రూయిజెస్ వారి ‘ఎంప్రెస్’ ఓడ చెన్నై నుంచి విశాఖకు వచ్చింది. అదే ప్రయాణంలో పుదుచ్చేరిలో ఆగాల్సి ఉండగా అక్కడ అనుమతి దొరకలేదు. కాసినో ఉన్న ఓడను రానివ్వద్దని అక్కడి పార్టీలు గొడవ చేశాయి. చర్చ అంతా ఓడను రానివ్వాలా వద్దా అనే దగ్గరే ఆగిపోయింది. లోపల ఎవరు దేనికి డబ్బు కడుతున్నారు అనే మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ లెక్క ప్రపంచంలో మూడు రకాలుగా నడుస్తోంది.

మొదటిది, అన్నీ టికెట్‌లోనే. రీజెంట్ సెవెన్ సీస్, సిల్వర్‌సీ లాంటి ఖరీదైన కంపెనీలు తిండితో పాటు మద్యం కూడా ఛార్జీలోనే కలిపేస్తాయి. “ఫ్రీ” అంటారు. నిజానికి ఫ్రీ కాదు, అందరి మీదా పంచిన ఖర్చు. లెక్క కోసం అనుకుందాం: ఒక్కో టికెట్ 30 వేలు, అందులో మద్యం వాటా 3 వేలు. అబ్బా, అమ్మీ, పెద్దకొడుకు, కోడలు కలిసి వెళ్తే నలుగురికీ 12 వేలు. ఒక్క చుక్క ముట్టకుండా పక్క టేబుల్ వాళ్ల బిల్లు మనం కట్టినట్టే. దుబాయ్ పోయే మనోళ్లకు ఇది కొత్త కాదు. ఎమిరేట్స్ టికెట్‌లో మద్యం కలిసే ఉంటుంది, సౌదియా విమానంలో అసలు పోయరు.

రెండోది, మద్యం వేరే. కానీ ప్యాకేజీ కొనమని ఒత్తిడి ఉంటుంది. అమెరికాలో నడిచే కార్నివాల్, రాయల్ కరీబియన్ ఓడల్లో రోజుకు ఇంత అని మద్యం ప్యాకేజీ అమ్ముతారు. కార్నివాల్‌లో రోజుకు 15 డ్రింకుల పరిమితి ఉంది. ఒక గదిలో ఒకరు ఆ ప్యాకేజీ కొంటే, అదే గదిలో ఉన్న 21 ఏళ్లు దాటిన మిగతావాళ్లు కూడా కొనాలన్నది ఈ కంపెనీల నియమం. ఒకరు కొని నలుగురు తాగకుండా ఆపడానికి పెట్టామంటారు. కుటుంబమంతా ఒకే గదిలో ఉంటే మనకు ఇబ్బంది లేదు. కానీ డల్లాస్‌లోనో షికాగోలోనో ఉద్యోగం చేసే మన పిల్లలు స్నేహితులతో గది పంచుకుంటే? కంపెనీ ఖర్చుతో టూర్‌కు వెళ్లే డీలర్‌కు గదిలో ఇంకో డీలర్‌ను జత చేస్తే? బుకింగ్‌కు ముందే అడగాల్సిన విషయం ఇది.

మూడోది, అందరూ వాడేది టికెట్‌లో, కొందరే వాడేది బయట. వర్జిన్ వాయేజెస్ కంపెనీ తిండి, నీళ్లు, సోడా, మామూలు కాఫీ, వైఫై ఛార్జీలో కలిపింది. మద్యానికి వేరే బిల్లు. మన కోర్డేలియాలో కూడా భోజనం, షోలు, ఈతకొలను టికెట్‌లో వస్తాయి. మద్యం, ఒడ్డున తిరిగే టూర్లు బయట.

నా దృష్టిలో ఈ మూడో పద్ధతే న్యాయం. ఇది మన మతం కోసం మాత్రమే అడిగే మాట కాదు. తాగని హిందూ అమ్మమ్మ, షుగర్ పేషెంటు, గర్భిణి, అందరికీ ఇదే లెక్క. మన దగ్గర పాపికొండల లాంచీనే చూడండి. టిఫిన్, భోజనం టికెట్‌లోనే వస్తాయి. ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే అందరూ తింటారు. ఆ తిండి కంటే ముందు ఉండాల్సింది ప్రాణ భద్రత. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన వరంగల్ పక్కన కడిపికొండ వాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. లైఫ్ జాకెట్ అందరికీ ఉండాల్సిందే. తిండి, నీళ్లు, చాయ్ అందరికీ కావాలి. మద్యం ఈ వరసలో రాదు.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. మద్యం బయట పెట్టినంత మాత్రాన మన చేతులు శుభ్రం అనుకోవడానికి లేదు. కార్నివాల్ సంస్థకు 2024లో వచ్చిన సుమారు 2,500 కోట్ల డాలర్ల ఆదాయంలో దాదాపు మూడో వంతు టికెట్లది కాదు. బార్, కాసినో, షాపులు, టూర్ల లాంటి వాటి నుంచి వచ్చింది. ఓడలో అయ్యే ఖర్చు మీద నమ్మకంతోనే కంపెనీలు టికెట్ ధర తగ్గిస్తాయి. అంటే అన్నీ కలిపిన ఓడలో తాగేవాడి బిల్లు మనం కడతాం, విడిగా ఉన్న ఓడలో మన టికెట్‌లో కొంత భాగం తాగేవాడు కడతాడు. చవక టికెట్ చూసి మురిసిపోయే ముందు ఇది కూడా ఆలోచించాలి.

అసలు మద్యం లేకుండా ఓడ నడవదా? ఆ ప్రయోగం ఇప్పుడు జరుగుతోంది. సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధికి చెందిన క్రూయిజ్ సౌదీ సంస్థ ‘అరోయా’ అనే ఓడను 2024 డిసెంబర్‌లో జిద్దా నుంచి మొదలుపెట్టింది. 3 వేలకు పైగా ప్రయాణికులు పట్టే ఓడ. మద్యం లేదు, కాసినో లేదు. బార్ ఆదాయం లేకుండా ఛార్జీ ఎంత దగ్గర నిలబడుతుందో చూడాలి. మన పెద్దలకైతే ఓడ అంటే హజ్ ఓడే. బొంబాయి నుంచి జిద్దాకు 1995 దాకా నడిచింది.

మన దేశంలో చట్టం కొంతవరకు మన వైపే ఉంది. మద్యం జీఎస్టీలోకి రాదు. అందుకే హోటల్ బిల్లులో తిండికి జీఎస్టీ, మందుకు వ్యాట్ వేర్వేరుగా కనిపిస్తాయి. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మొదట తక్కువ ధర చూపించి చివర్లో ఛార్జీలు కలపడం తప్పుడు వ్యాపార పద్ధతి. హోటళ్లు సర్వీస్ ఛార్జీని బలవంతంగా వేయకూడదన్న ఆ సంస్థ మాటను 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది.

ఉమ్రా ప్యాకేజీల దగ్గర మనోళ్లు ఇప్పటికే నేర్చుకున్నారు. జియారత్ ఉందా, లాండ్రీ ఉందా, హోటల్ హరమ్‌కు ఎంత దూరం అని అడగనిదే అడ్వాన్స్ ఇవ్వరు. ఓడ టికెట్‌కూ అదే పద్ధతి పెట్టుకుందాం. పోర్టు ఛార్జీలు, టిప్పులు కలిపి మొత్తం ఎంత? టికెట్‌లో మద్యం ఉందా? ఉంటే, అది తీసేస్తే ఎంత తగ్గిస్తారు? గది పంచుకుంటే ప్యాకేజీ నియమం ఏంటి? మాంసం హలాలేనా, మద్యం పోయని డైనింగ్ హాల్ ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు ఫోన్‌లో కాదు, వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. రేపు గొడవ వస్తే వినియోగదారుల కమిషన్ ముందు పనికొచ్చేది అదే.

మద్యం పోసే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దని మన పెద్దలు చెబుతూనే వచ్చారు. కోర్డేలియా ఓడలో జైన భోజనం దొరుకుతోందంటే, ఆ కుటుంబాలు అడిగాయి కాబట్టి, వాళ్లు టికెట్లు కొంటారని కంపెనీకి తెలుసు కాబట్టి. విశాఖ టెర్మినల్‌కు ప్రయాణికులు కావాలి. తెలంగాణ, ఆంధ్ర నుంచి మన కుటుంబాలు పది, ఇరవై కలిసి గ్రూప్ బుకింగ్‌కు వెళ్లి మద్యం లేని హాల్, మద్యం లేని ఛార్జీ అడిగితే, ఏ ఏజెంటూ తేలిగ్గా కాదనలేడు.