సీడీలో ఉండాది గదా అనుకుంటే చాలదు

మా ఊరు సుగటూరు. 2008లో మా చిన్నత్త పెండ్లి జరిగినప్పుడు నేను చంకబిడ్డను. ఫోటోలు తీసినాయన నలభై ఫోటోలు ఆల్బమ్‌లో పెట్టి, మిగతావన్నీ ఒక సీడీలో వేసిచ్చినాడు. "ఇది ఎన్నేండ్లయినా చెడదు" అన్నాడంట. అవ్వ దాన్ని పట్టుచీరల మడతలో పెట్టి బీరువాలో దాచింది.

పోయిన ఎండాకాలం ఒక స్నేహితురాలి ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే అందులో వేసి చూసినాం. పెండ్లికూతుర్ని చేసేది, ముహూర్తం, తలంబ్రాలు బాగానే వచ్చినాయి. అప్పగింతల దగ్గర కంప్యూటర్ నిలిచిపోయింది. తాత ఏడుస్తూ చిన్నత్త చేయి పట్టుకున్న ఫోటో అక్కడే ఉండాదని అవ్వ చెప్తుంది. మరుసటేడు తాత పోయినాడు. ఆయన ముఖం నాకు గుర్తు లేదు. "హోగ్లి బిడు" అని అమ్మ కన్నడంలో అనేసింది. నాయన మాత్రం ఏమీ మాట్లాడలేదు.

ఎందుకిట్లా అయిందని తెలుసుకున్నాను. అంగట్లో కొనే సినిమా సీడీలో గుంటలు అచ్చు వేసి ఉంటాయి. మనం రాసుకునే సీడీలో గుంటలుండవు, ఒక రంగు పూత ఉంటుంది. లేజర్ వేడికి ఆ రంగు మారి గుర్తులు పడతాయి. ఎండా వేడీ కూడా ఆ రంగును మెల్లగా మారుస్తాయి. దాని మీద అద్దంలా మెరిసే లోహపు పూత, ఆ పైన పలుచని వార్నిష్ మాత్రమే. అందుకే సీడీకి అడుగు వైపు గీతల కంటే పేరు రాసే వైపు గీతలే ఎక్కువ ప్రమాదం. మా సీడీ మీద బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి పేరు రాసినారు! రాత మధ్య నుంచి అంచుకు పోతుంది కాబట్టి అప్పగింతలు అంచు దగ్గర పడినాయి. మా సీడీలో ఆ అంచే చెడింది.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఒక మార్గదర్శి వేసింది. సరిగ్గా దాస్తే ఇట్లాంటి డిస్కులు 100 నుంచి 200 ఏండ్లు ఉంటాయని తయారీదారుల అంచనా అని అందులో ఉంది. సరిగ్గా అంటే 4 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో! రేకుల కప్పు కింద, ఏప్రిల్ నెలలో, మా బీరువాలో ఆ చల్లదనం ఎక్కడిది? ఖరీదైన డిస్కుల్లో వెండికి బదులు బంగారు పూత వేస్తారు, బంగారం నల్లబడదు గనక. కేజీఎఫ్‌లో 2001లో గనులు మూసేదాకా బంగారం తవ్విన తాత ఫోటో మాత్రం మామూలు సీడీలోనే ఉండిపోయింది. ఆయన వయసులో ఉన్నప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో తీయించుకున్న నలుపు-తెలుపు ఫోటో ఇప్పటికీ గోడ మీద ఉంది.

"ఇప్పుడు సీడీలు ఎవరు వాడతారు?" అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ మన చిన్నతనం, మన అవ్వాతాతల చివరి రోజులు చాలా ఇండ్లలో సీడీల్లోనే ఉన్నాయి. ఒకపక్క ఆ రంగు చెడిపోతోంది, ఇంకోపక్క కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే లేదు. రెండు తలుపులూ ఒకేసారి మూసుకుంటున్నాయి.

తెలుగు చదివే మనకు ఇది కొత్త పాఠమేమీ కాదు. తాటాకులు దాచినందువల్ల మాత్రమే మన కావ్యాలు మిగల్లేదు. ఆకు పాతబడినప్పుడల్లా ఎవరో ఒకరు కొత్త ఆకు మీద ఎక్కించినారు. బ్రౌన్ దొర కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టి ప్రతులు రాయించింది కూడా ఇదే పని. దాచడం వేరే, కాపాడడం వేరే. మళ్ళీ మళ్ళీ ఎత్తిరాస్తేనే కాపాడినట్టు. ఫోన్‌కూ పెన్‌డ్రైవ్‌కూ కూడా ఇదే మాట వర్తిస్తుంది.

మేడమ్‌గార్లకు ఒక మనవి. మన విభాగం అల్మారాలో పాత వార్షికోత్సవాల సీడీలు ఉన్నాయి. యూఎస్‌బీతో తగిలించే డ్రైవ్ ఒకటి తెప్పిస్తే వాటిని మేమే ఎక్కిస్తాం. స్నేహితురాళ్ళు కూడా సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న సీడీలు తెండి. రెండు చోట్ల కాపీ పెట్టుకుందాం. ముఖ్యమైన పది ఫోటోలు కాగితం మీద అచ్చు వేయించుకుందాం. మా ఇంట్లో ఆలస్యమైంది. మీ ఇంట్లో ఇంకా కాలేదేమో, చూడండి.