296 మంది పండుగ

పార్లమెంటు శీతాకాల సమావేశాలు ముగిసిన మరునాడే విలేఖరుల గ్యాలరీ బోసిపోతుంది. సభ్యులు నియోజకవర్గాలకు, మంత్రులు విదేశాలకు, మేము మా యిళ్లకు. ఈ పర్యాయం నేను యింటికి పోక కలకత్తా పోయాను. 2001లో ఆ నగరం పేరు కోల్‌కతాగా మారిందిగాని, మన తెలుగువారి నోట అది యింకా కలకత్తాయే.

డిసెంబరు చివరి వారంలో ఆ నగరం భోజనం తప్ప వేరు వ్యాపకం లేనట్లు కనిపిస్తుంది. క్రిస్మసును బెంగాలీలు ‘బొడోదిన్’ అంటారు, పెద్దదినమని అర్థం. పేరుకు దినమే అయినా అది వారం నడుస్తుంది. పార్క్ స్ట్రీట్ పొడవునా దీపతోరణాలు, అలెన్ పార్కులో సంగీతం, రోడ్డు నిండా జనం. 2011 నుండి రాష్ట్ర ప్రభుత్వమే యీ ఉత్సవాన్ని జరుపుతున్నది. 1927 నాటి ఫ్లూరీస్ ముందు బారులు తీరిన కుటుంబాలు, మొకాంబో ముందు మరొక బారు, చెలో కబాబుకు పేరొందిన పీటర్ క్యాట్ ముందు అంతకు మించిన బారు. న్యూ మార్కెట్టులో 1902 నాటి నాహూమ్స్ దుకాణం వద్ద ప్లమ్ కేకు కోసం నేనూ ముక్కాలుగంట నిలిచాను. యూదుల దుకాణం, క్రైస్తవుల పండుగ, కొనేవారిలో నూటికి తొంభైమంది హిందువులని నా అంచనా. నా ముందు నిలిచిన భట్టాచార్య మహాశయుడు నాలుగు కేకులు కొన్నాడు.

క్లబ్బు విందులకూ పోయాను. బెంగాల్ క్లబ్బు గడప భారతీయునికి అందని రోజులలో, 1907లో, జాతిభేదం పాటించని క్లబ్బుగా కలకత్తా క్లబ్బు వెలసింది. ఆ ఉదారులే స్త్రీలకు సభ్యత్వమివ్వడానికి మరి నూరేండ్లు ఆలోచించారు. అక్కడి భోజనం గురించి చెప్పవలసింది తక్కువ. ఉపన్యాసాల గురించి చెప్పకపోవడమే మేలు.

ఒక రాత్రి తెలుగు మిత్రుని యింట విందు. వడ్డించిన చేప మనదే. కైకలూరు, ఆకివీడు ప్రాంతపు చెరువులలో పెరిగిన శీలావతి, బొచ్చె మంచుగడ్డల మధ్య హౌరా చేరి, అక్కడ రూయి, కాత్లా అని పేర్లు మార్చుకుంటాయి. బెంగాలీలు వీటిని ‘చాలానీ’ మాఛ్, అంటే దిగుమతి సరుకని, కొంచెం చిన్నచూపు చూస్తూనే రెండవమారు వడ్డించుకుంటారు.

ఇంత విందులో ఇంటివారెవరు అన్న ప్రశ్న నాకు మూడవనాటికి గాని తోచలేదు. పార్క్ స్ట్రీట్‌కు సంగీతం నేర్పినవారు, ఊరికి ప్లమ్ కేకు రుచి చూపినవారు, బొడోదిన్‌ను వీధిలోకి తెచ్చినవారు ఆంగ్లో ఇండియనులు. వారిని వెదుక్కుంటూ బౌబజారు వెనుకనున్న బో బ్యారక్స్‌కు పోయాను. మొదటి ప్రపంచయుద్ధకాలంలో సైనికుల కోసం కట్టిన ఎర్ర ఇటుకల మూడంతస్తుల యిండ్లు, ఆకుపచ్చ కిటికీలు. మధ్యనున్న సందులో క్రిస్మసు చెట్టు, బల్లలమీద యింట కాచిన ద్రాక్షసారాయి సీసాలు. ఒక పళ్లెంలో వారి ‘రోజ్ కుకీలు’ పెట్టారు. చూస్తే మన గులాబీపువ్వులే. మరొక పళ్లెంలో ‘కుల్‌కుల్’. అవి మన గవ్వలు! సంక్రాంతికి మన యిండ్లలో పీటమీద నొక్కి చేసే గవ్వలకు, యీ గవ్వలకు నా నాలుకకు భేదం తెలియలేదు.

ఆ గవ్వలు నములుతూంటే 2019 డిసెంబరు గుర్తుకు వచ్చింది. ఆ నెల 10వ తేదీన లోక్‌సభ, 12వ తేదీన రాజ్యసభ ఆమోదించిన రాజ్యాంగ సవరణ బిల్లు షెడ్యూల్డు కులాలకు, తెగలకు చట్టసభలలో రిజర్వేషనును 2030 వరకు పొడిగించింది. దానితోపాటే 331వ అధికరణం క్రింద లోక్‌సభకు ఇద్దరు ఆంగ్లో ఇండియనులను నామినేట్ చేసే ఏర్పాటును, రాష్ట్ర శాసనసభలలో ఒక్కరిని నామినేట్ చేసే ఏర్పాటును పొడిగించక వదలివేసింది. 2020 జనవరి 25తో అవి ముగిశాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఆంగ్లో ఇండియనులు 296 మందియేనని న్యాయశాఖ మంత్రి రవిశంకర్ ప్రసాద్ సెలవిచ్చారు.

రెండువందల తొంభైయారు! గ్యాలరీలో నా ప్రక్కనున్న కేరళ విలేఖరి, తన వీధిలోనే అంతమంది ఉన్నారని గొణిగాడు. లోక్‌సభలో ఎర్నాకుళం సభ్యుడు హిబీ ఈడెన్, రాజ్యసభలో స్వయంగా ఆంగ్లో ఇండియను అయిన కలకత్తావాసి డెరెక్ ఓబ్రయన్ ఆక్షేపించారు. అయినా బిల్లుకు వ్యతిరేకంగా ఓటు పడలేదు. ఎట్లు పడుతుంది? వ్యతిరేకించడమంటే షెడ్యూల్డు కులాల, తెగల స్థానాలను వ్యతిరేకించడమే. రెండు విషయాలను ఒకే మూటలో కట్టి సభ ముందుంచడం పాత విద్యయే. దానిని కనిపెట్టినవారు నేటి పాలకులు కారు.

ఆ లెక్కయినా ఎక్కడిది? 1951 జనాభా లెక్కలలో వారు లక్షకు పైబడి ఉన్నారు. విదేశాలకు తరలిపోయినవారు అనేకులు, నిజమే. రైల్వే, కస్టమ్సు, తంతి తపాలా ఉద్యోగాలలో 336వ అధికరణం వారికిచ్చిన రక్షణ పదేండ్లలో, 1960 నాటికి, తీరిపోయింది. ఆస్ట్రేలియా, కెనడా, ఇంగ్లండులకు ఓడలెక్కించిన కారణాలలో అదొకటి. అయినా లక్ష మూడువందలకు దిగిందంటే నమ్మడమెట్లు? 2011 నాటి జనగణన పత్రంలో ఆంగ్లో ఇండియను అన్న గడియే లేదు. మతం క్రైస్తవమనీ, మాతృభాష ఆంగ్లమనీ చెప్పినవాడు ఎవరి లెక్కలోకి వస్తాడు? అడగని ప్రశ్నకు వచ్చిన జవాబును ఆధారం చేసుకొని రాజ్యాంగాన్ని సవరించారు.

నేను ఆ నామినేషన్లకు మొక్కినవాణ్ణి కాను. ఫ్రాంక్ ఆంథొనీ వంటి దిట్ట వాదకుడు ఆ స్థానంలో దశాబ్దాలు కూర్చున్నాడు. అందరూ ఆయన కారు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీకి ఒకటి రెండు ఓట్లు కలిపి యిచ్చే సదుపాయంగా అది మారింది. మన తెలుగు పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు: 2015లో తెలంగాణ శాసనమండలి ఎన్నికలవేళ ‘ఓటుకు నోటు’ రభస నడచింది ఒక నామినేటెడ్ ఆంగ్లో ఇండియను సభ్యుని ఓటు చుట్టూనే. ఆ ఏర్పాటు కాలం చెల్లిందని మంత్రి సూటిగా అని ఉంటే, నేను తల ఊపి ఉండేవాణ్ణి. మీరు లేరు గనుక మీకు స్థానం లేదనడం వేరు. రాజ్యాంగం 366వ అధికరణంలో ఆంగ్లో ఇండియనుకు నిర్వచనం నేటికీ ఉన్నది. నిర్వచనమున్నవానిని లెక్కపెట్టడానికి ఒక గడి చాలు. 2027 జనగణనలో కులం కూడ నమోదవుతుందని ప్రభుత్వం ప్రకటించింది. అంత పెద్ద పట్టికలో యీ ఒక్క వరుస చేర్చితే బరువవుతుందా?

అపర్ణా సేన్ మొదటి చిత్రం ‘36 చౌరంగీ లేన్’ 1981లో వచ్చింది. అందులో వృద్ధురాలైన ఆంగ్లో ఇండియను ఉపాధ్యాయిని, తాను చేరదీసిన యువజంటకు క్రిస్మసు కేకు చేసి తీసుకుపోతుంది. వారు ఊరిలో ఉండమని ఆమెతో చెప్పి ఉన్నారు. కిటికీలోనుండి చూస్తే లోపల విందు జోరుగా సాగుతున్నది. కాలేజీలో ఆంగ్ల సాహిత్యం చదివే రోజులలో ఆ చిత్రం చూచి, ఆ ఘట్టాన్ని ఒక ఒంటరి ముసలమ్మ కథగా తలచాను. ఈ పండుగవారంలో పార్క్ స్ట్రీట్ దీపాల క్రింద మరొక రీతిగా తోచింది.

బో బ్యారక్స్‌లో నాకు గవ్వల పళ్లెం అందించినవారు ఎనభై దాటిన వృద్ధుడు, ఖరగ్‌పూరులో రైల్వే గార్డుగా పనిచేసి విరమించినవారు. నేను తెలుగు పత్రికవాణ్ణని తెలియగానే ఆంగ్లం వదలిపెట్టారు. ‘ఏటి బాబూ, ఏ వూరు మీది?’ అన్నారు. ఖరగ్‌పూరు రైల్వే కాలనీలో శ్రీకాకుళం వాళ్ల మధ్య పెరిగానని చెప్పి, మా ఊరు పేరు విని, అక్కడికి ఏ స్టేషనులో దిగాలో, వాల్తేరు నుండి ఏ బండి ఎన్ని గంటలకు బయలుదేరేదో చెప్పారు. పిల్లలు పెర్త్‌లో ఉన్నారట. జనాభా లెక్కలవారు 2011లో వచ్చారా అని అడిగాను. వచ్చారన్నారు. మతం అడిగారు, చెప్పాను. భాష అడిగారు, చెప్పాను. మరేమీ అడగలేదు బాబూ అని, దారిలో తినడానికి మరికొన్ని గవ్వలు కాగితంలో పొట్లం కట్టి యిచ్చారు.