కెమెరా ఉంది, ఫిల్మే లేదు

ఫోన్ తీశామా, నొక్కామా, ఫొటో వచ్చిందా! ఈ సుఖం స్మార్ట్‌ఫోన్‌తోనే మొదలైందనుకుంటాం గానీ, దీనికో తాత ఉన్నాడు. పేరు కొడాక్ ఇన్‌స్టమాటిక్. పుట్టింది 1963లో, అమెరికాలో.

అప్పటిదాకా 35 ఎంఎం కెమెరాలో కలర్ ఫిల్మ్ వేయడమంటే పెద్ద తతంగం. ఫిల్మ్ కొస లాగి పళ్ల చక్రానికి తగిలించాలి, అయిపోయాక వెనక్కి చుట్టాలి. ఈలోపు వెనక మూత తెరిచారో, ఫొటోలు గోవిందా!

కొడాక్ వాళ్లు ఫిల్మ్‌ని ఓ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేశారు. అదే 126 కార్ట్రిడ్జ్. మూత తీసి అందులో పడేస్తే చాలు. తిరగేసి పెడదామన్నా పట్టదు. వెనక్కి చుట్టే పనే లేదు. ఒక్కో ఫొటోకి ఫిల్మ్ అంచున ఒక్కో రంధ్రం ఉంటుంది, చుట్టడం సరిగ్గా అక్కడ ఆగిపోతుంది. పైగా ఫొటో చదరంగా వస్తుంది, మొదట్లో ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నట్టే.

రోజంతా కోడ్ రాసే నాకు ఇందులో నచ్చేది ఒకటే. యూజర్ తప్పు చేశాక ఎర్రర్ మెసేజ్ చూపించడం కాదు, అసలు తప్పు చేసే దారే మూసేశారు. 1970 నాటికి 5 కోట్లకు పైగా ఇన్‌స్టమాటిక్‌లు తయారయ్యాయంటే ఊరికే కాదు.

మెలిక కూడా ఆ డబ్బాలోనే ఉంది. తర్వాత్తర్వాత 35 ఎంఎం కెమెరాలే మోటారుతో ఫిల్మ్‌ని వాటంతట అవి చుట్టుకోవడం నేర్చుకున్నాయి. ఇక డబ్బాతో పనేముంది? 1999లో కొడాక్ 126 ఫిల్మ్ తయారీ ఆపేసింది. పాత ఇన్‌స్టమాటిక్ షట్టర్ ఇప్పటికీ టక్కుమనొచ్చు, కానీ వేయడానికి కొత్త ఫిల్మ్ లేదు. 1934లో వచ్చిన 35 ఎంఎం ఫిల్మ్ చుట్ట మాత్రం ఈరోజుకీ దొరుకుతోంది.

సర్వర్ ఆగిపోయిన యాప్ గుర్తొస్తోంది కదూ? ఒక్క తేడా ఉంది. ఇన్‌స్టమాటిక్ పోయినా దాంతో తీసిన ప్రింట్లు ఆల్బమ్‌లో ఉన్నాయి. రంగు కాస్త వెలిసిందేమో గానీ, చూడ్డానికి లాగిన్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అడగదు. మరి మన ఫోన్లో ఉన్న వేల ఫొటోలు? ఆ క్లౌడ్ కంపెనీ రేపు దుకాణం సర్దేస్తే?

మొదట్లో ఆ డబ్బాలో 12 ఫొటోలే పట్టేవి, పెద్దదైతే 20. ఈ ఆదివారం మీరూ అలాగే ఓ 12 ఫొటోలు ఏరండి. అమ్మానాన్నలవి, ఫ్రెండ్స్‌వి, ఇంకెప్పుడూ దొరకనివి. దగ్గర్లోని స్టూడియోలో ప్రింట్ వేయించి, వెనక తేదీ, పేర్లు రాసి పెట్టుకోండి. వాటికి అప్‌డేట్ అవసరం ఎప్పటికీ రాదు.